మొదటి గుంట

ఆట పెట్టె అరచేతికన్నా కాస్త పెద్దది. చిన్ని దాన్ని తడిగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి, పక్కనే ఇంటి కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు బరువు పెట్టింది. ముప్పై ఏళ్ళొచ్చినా, పత్రికాఫీసులో నలుగురు పరీక్షకుల్లో ఒకతె అయినా, ఇంట్లో ఆమె ఇంకా చిన్నే.

ఆ వారపత్రికను జనం కొనేది ఆటలూ బొమ్మలూ ఏవి మంచివో తెలుసుకోవడానికి. కొత్త ఆట ఏదొచ్చినా నలుగురు పరీక్షకులూ ఆఫీసులో ఆడి చూస్తారు. తర్వాత మూడు రోజులు ఇంటికి తీసుకెళ్ళి ఇంట్లో అందరిచేతా ఆడించాలి. ఎవరు, వయసెంత, ఏం పని చేస్తారు, మొదటి అడ్డంకి గంటలో దాటారా, దాటకపోతే ఎందుకు దాటలేదు, ఇవన్నీ ఆ కాగితంలో రాయాలి. నాలుగిళ్ళ కాగితాలూ బాగుంటే ఆటకి ‘ఇంటిల్లిపాదికీ’ అన్న ఎర్ర ముద్ర పడుతుంది. ఆ ముద్ర చూసి డబ్బు తీసేవాళ్ళు వేలల్లో ఉంటారని పెద్దసారు తరచూ గుర్తు చేస్తాడు.

అమ్మ పని నుంచి వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంది. ఆమె బట్టలు సరిచేసే దుకాణంలో చేతికుట్టు మనిషి. కాజాలు, హెమ్మింగ్, ఊడిన గుండీలు అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. కిందటి వారం ఒక కోటు తిరిగొచ్చింది. పైగుండీ వారం తిరక్కుండానే ఊడిందట. దుకాణం మాస్టరు ఒక్క మాట అనలేదు, కోటు తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళాడు. మర్నాడు మాత్రం, కాజాలు వేసే మెషిను ఎంతకొస్తుందో ఫోనులో ఎవరినో అడుగుతూ వినిపించాడు. అప్పటినుంచి అమ్మ సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తి చూసుకుంటోంది.

“ఇది కప్పేనా?” అంది అమ్మ, పెట్టె తెర మీది బొమ్మను చూసి కళ్ళజోడు సర్దుకుంటూ.

“కప్పే అమ్మమ్మా. గొడుగు పట్టుకుంది చూడు,” అంది పిచ్చుక. పిచ్చుక అక్క కూతురు, ఏడేళ్ళది. ఒక్కచోట కాలు నిలవదు.

“కప్పకి గొడుగెందుకే? తడిస్తే జలుబు చేస్తుందా?”

పిచ్చుక కిందపడి నవ్వింది. లాండ్రీలో పగలంతా ఇస్త్రీ చేసి వచ్చిన అక్క, కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకుని, అలసటగానే అయినా నవ్వింది.

ఎడమ బొటనవేలితో కప్పను నడిపించాలి. కుడిమూలన అద్దం మీద గుండ్రంగా ఒక చుక్క ఉంటుంది. అది నొక్కితే కప్ప ఎగురుతుంది. వేలు తీయకుండా ఉంచితే గొడుగు విప్పుకుని గాల్లో తేలి, గుంట దాటి అవతలి గట్టు మీద దిగుతుంది. ఆ చుక్కకి ఎత్తు లేదు, పల్లం లేదు, నొక్కితే లోపలికి దిగదు. కళ్ళు కప్ప మీద ఉండాలి, వేలు చూడకుండానే చుక్క మీద పడాలి. కప్ప గుంటలో పడితే బుడుంగుమని చప్పుడొస్తుంది. అప్పుడు పెట్టె పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి. తెర పైన ఒక్కొక్కరి బొమ్మ పక్కన ఎన్నిసార్లు పడ్డారో అంకె ఉంటుంది. అందరికన్నా ఎక్కువసార్లు పడ్డవాళ్ళ బొమ్మ తలకి దెబ్బ తగిలినట్టు కట్టు కట్టి ఉంటుంది.

పిచ్చుక ఒకసారి పడి రెండోసారి దాటేసింది. చిన్ని అప్పటికే ఆఫీసులో ఆడింది. అయినా రెండుసార్లు పడింది. అక్క మూడుసార్లు. అమ్మ వంతు వచ్చినప్పుడల్లా బుడుంగుమంది.

మొదటి ఐదుసార్లూ అమ్మే అందరికన్నా గట్టిగా నవ్వింది. “ఈ కప్పకి నా మీద కోపం. ఊరికే స్నానానికి పోతోంది,” అంది. తొమ్మిదోసారి నవ్వలేదు. పద్నాలుగోసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చిన్ని తెర వైపు చూడడం మానేసి అమ్మ బొటనవేలినే చూస్తోంది. వేలు చుక్కకి ఒక బియ్యపుగింజ దూరంలో పడుతోంది. అక్కడే గోరు తెల్లబడేదాకా నొక్కుతోంది.

“నొక్కుతున్నానే. ఎగరదేం?”

“కొంచెం ఇటు అమ్మమ్మా. ఇటు, ఇటు... అయ్యో!”

గంటయ్యేసరికి అమ్మ బొమ్మ పక్కన ఇరవై మూడు ఉంది. తలకి కట్టు ఉంది. పిచ్చుక ఆ కట్టును వేలితో తడుముతూ, “అమ్మమ్మకి దెబ్బ తగిలింది” అని పాట అందుకుంది.

“ఇంక వదిలెయ్ అమ్మా,” అంది అక్క. మాట అక్కడితో ఆపినా బాగుండేది. “దుకాణంలో కూడా ఇలాగే కుడుతున్నావేమో. కోటు తిరిగొచ్చిందంటే రాదా మరి? హాయిగా ఇంట్లో ఉండు, ఇది బడి నుంచి వచ్చేసరికి ఒక మనిషి ఉంటుంది ఇంట్లో అంటే వినవు.”

పిచ్చుక పాట ఆపింది. అమ్మ పెట్టెను జాగ్రత్తగా, అదేదో వేడి గిన్నె అయినట్టు, బల్ల మీద దించింది.

మర్నాడు పొద్దున్న చిన్ని పళ్ళు తోముకుంటూ వసారాలోకి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అమ్మ కింద కూర్చుని ఉంది, వీపు ఇటువైపు. ముందు గుండీల డబ్బా. కళ్ళు మూసుకుని, డబ్బాలోంచి ఒక్కొక్క గుండీ తీసి వేళ్ళ మధ్య తిప్పి చూస్తోంది. రెండు రంధ్రాలవి కుడివైపు, నాలుగు రంధ్రాలవి ఎడమవైపు పెడుతోంది. పది పెట్టాక కళ్ళు తెరిచింది. తొమ్మిది సరిగ్గానే ఉన్నాయి. అమ్మ ఆ తొమ్మిదింటినీ చూడలేదు. తప్పు కుప్పలో పడిన పదోదాన్ని తీసి చాలాసేపు పట్టుకుంది. తర్వాత అన్నీ డబ్బాలో పోసి, కలిపి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

చిన్ని చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి, పంపు తిప్పి, కావాలని గట్టిగా పుక్కిలించింది. ఆమె తిరిగొచ్చేసరికి డబ్బా అలమరలో ఉంది.

ఆ సాయంత్రం అమ్మే పెట్టె అడిగి తీసుకుంది. “నాకు మళ్ళీ ఒక వంతు ఇవ్వండే,” అంది, బస్సులో చోటు అడిగినట్టు. పిచ్చుక పక్కన కూర్చుని, ఈసారి పాట పాడకుండా, ప్రతి బుడుంగుకీ తనే ముఖం చిట్లించుకుంది. అమ్మ పంతొమ్మిదిసార్లు పడింది. ఒక్కసారి కప్ప ఎగిరింది, గొడుగు కూడా విప్పుకుంది, అవతలి గట్టుకి ముందు కాళ్ళు తగిలాయి. అమ్మ ఊపిరి బిగబట్టింది. అంతలో వేలు జారింది.

పిచ్చుక వాళ్ళమ్మతో లోపలికి వెళ్ళాక అమ్మ గొంతు తగ్గించి అడిగింది. “ఇది నా వేళ్ళ తప్పా, దీని తప్పా? మొహమాటం లేకుండా చెప్పు.”

“దీనిదేనమ్మా. ఆ చుక్కకి పట్టు లేదు. నాకూ వేలు జారింది.”

“నువ్వు రెండుసార్లు పడి దాటావు.”

“నేను రోజూ ఇదే పని చేస్తాను కదా.”

అమ్మ బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ ఆలోచించింది. నలభై ఏళ్ళు సూదిని నెట్టిన వేలు అది, చివర కాయకట్టి పసుపురంగుకి తిరిగింది. “అయితే ఉన్నదున్నట్టు రాయి. మిగతా ముగ్గురి ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు ఉన్నారన్నావుగా. వాళ్ళూ పడ్డారనుకో, ఇది దీని తప్పే. అప్పుడు నాకు దిగుల్లేదు. వాళ్ళందరూ దాటేశారనుకో...” అని ఆగింది. “దాటేస్తే నేనే మాస్టరుతో చెప్పుకోవాలి. ఒకరి పెళ్ళి కోటు పాడుచేశాక చెప్పడం కన్నా ముందే చెప్పడం మర్యాద కదే.”

“అంత దూరం ఎందుకు పోతావు?”

“నువ్వు రాయి. నువ్వు రాసింది చదివాక చూద్దాం.” అమ్మ లేచి కుర్చీ లోపలికి జరిపింది. “నువ్వు కాగితం మీద పెట్టావంటే అది అంతే.”

మూడో రోజు మధ్యాహ్నం చిన్ని ఇంటి కాగితం తీసుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది. అమ్మ వరస మాత్రం పెన్సిలుతో రాసి ఉంచింది: తల్లి, యాభై తొమ్మిది, చేతికుట్టు, దాటలేదు, చుక్క వేలికి తెలియదు.

పెద్దసారు చదివి కళ్ళజోడు పైనుంచి చూశాడు. “ఒక్క మీ ఇంట్లోనే వచ్చిందమ్మా ఇది.”

“అంటే?”

ఆయన మిగతా ముగ్గురు పరీక్షకుల కాగితాలూ ఇటు తిప్పాడు. టీచరమ్మగారి అత్తగారు, అరవై నాలుగు, రెండోసారి దాటారు. ఈలాయన మామగారు, డెబ్భై, ఐదోసారి దాటారు, మళ్ళీ ఆడతానన్నారు. సోడాబుడ్డి తల్లి, అరవై ఒకటి, మూడోసారి. ఒక్కొక్క మనిషి వరస ఒక్కో రంగు సిరాతో, ఒక్కో చేతిరాతతో, ఎవరిది వాళ్ళే రాసినట్టు ఉంది. చిన్ని రెండోసారి చదివింది. చదువుతుంటే నిన్న పొద్దున్న వసారాలో చూసిన ఆ పదో గుండీ కళ్ళ ముందుకొచ్చింది. అయితే తప్పు అమ్మ వేళ్ళదే.

“చుక్క సంగతి నా మాటగా రాయనా సార్? పరీక్షకురాలి అభిప్రాయం అని?”

“మీరు దాటారు కదా. దాటినవాళ్ళ అభిప్రాయం కంపెనీవాళ్ళు ఒప్పుకోరు. దాటనివాళ్ళెవరో, ఏం పనిచేస్తారో ఉండాలి. అది మన పద్ధతి.” ఆయన గొంతులో విసుగు లేదు, మంచిగానే చెబుతున్నాడు. “ఈ వారం మీ కాగితమే పూర్తిగా వేద్దామనుకున్నాను. మీదైతే పాఠకులు నమ్ముతారు. ఉన్నది ఉన్నట్టు వెయ్యమంటే వేస్తాను. యాభై తొమ్మిది, చేతికుట్టు, వేలికి తెలియదు. అంతేనా?”

ఆ పత్రిక కుట్టు దుకాణంలోనూ పడుతుంది. తమ బట్టల కోసం కాచుకునేవాళ్ళు తిరగేస్తారు. వాళ్ళు లేనప్పుడు మాస్టరు తిరగేస్తాడు. కోటు తెచ్చి పెట్టినట్టే పత్రిక కూడా తెచ్చి అమ్మ ముందు పెడతాడు, ఒక్క మాట అనకుండా.

“ఒక్క నిమిషం సార్,” అని చిన్ని కాగితం వెనక్కి తీసుకుంది. రబ్బరుతో తుడిచింది. ‘రెండోసారి’ అని రాస్తే నమ్మరేమో, ‘ఏడోసారి’ అంటే అనుమానం వస్తుందేమో అని తూచి చూసుకుని, సిరాతో రాసింది: నాలుగోసారి దాటారు. రబ్బరు పొట్టు ఊది, చేత్తో తుడిచి ఇచ్చింది. ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ కాగితం మీద ఆమె పెట్టిన మొదటి అబద్ధం అది. అమ్మ చదివితే ఏమంటుందో ఆమె ఆలోచించకపోలేదు. ఊపిరి పీల్చుకుంటుందనుకుంది.

ఆ తర్వాత రెండో రోజు సాయంత్రం పత్రిక వచ్చింది. అమ్మకి చిన్ని రాసిన పేజీ పైకి చదవడం అలవాటు. కళ్ళజోడు పెట్టుకుని, వరస కింద వేలు జరుపుకుంటూ, బడిపిల్లలా చదువుతుంది.

“అక్క కూతురు, ఏడు, విద్యార్థిని, రెండోసారి దాటింది. ఒసేయ్ పిచ్చుకా, నువ్వు పత్రికలో పడ్డావు!”

“ఏదీ, ఏదీ!”

“అక్క, ముప్పై నాలుగు, లాండ్రీలో ఇస్త్రీ, నాలుగోసారి. తల్లి, యాభై తొమ్మిది, చేతికుట్టు...”

వేలు ఆగింది. పిచ్చుక అక్షరాలు కూడబలుక్కుంటూ, “నా-లు-గో-సా-రి దా-టా-రు” అని తనే పూర్తిచేసింది. “అమ్మమ్మా, నువ్వెప్పుడు దాటావు? నేను బడికి వెళ్ళినప్పుడా?”

“ఊఁ,” అంది అమ్మ.

ఆమె వేలు కిందికి జరిగింది. పేజీ పక్క గడిలో మిగతా ఇళ్ళవి చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అవి పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి: అరవై నాలుగు, రెండోసారి. డెబ్భై, ఐదోసారి. అరవై ఒకటి, మూడోసారి. డెబ్భై దగ్గర వేలు మరోసారి ఆగింది.

“డెబ్భై ఏళ్ళాయన కూడా దాటాడన్నమాట,” అంది.

“అమ్మా, అది...” అంది చిన్ని. ఏం చెప్పాలి? వాళ్ళు దాటారు, నువ్వు దాటలేదు, అది నలుగురికీ తెలియకూడదని అలా రాశాను అనా? అక్క ఎదురుగా కూర్చుని వింటోంది.

అమ్మ పత్రిక మూసి, మడత మీద అరచేత్తో రెండుసార్లు రుద్ది చదును చేసింది. “నువ్వు దొంగరాత రాశావంటే,” అంది మెల్లిగా, చిన్నికి మాత్రమే వినపడేలా, “సంగతి బాగా ముదిరినట్టే. లేకపోతే నువ్వు రాసేదానివి కాదు.” కోపం లేదు. చిన్ని తల నిమిరి, గ్లాసులు తీసుకుని కడగడానికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది.

పొద్దున్న చిన్ని లేచేసరికి అమ్మ దుకాణానికి వెళ్ళిపోయింది. రోజూ వెళ్ళే వేళకి ఇంకా గంట ఉంది.

ఆఫీసులో మధ్యాహ్నం నలుగురూ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఆడుతున్నంతసేపూ ఈల వేస్తాడని ఈలాయన అని పేరు పడ్డ మనిషి అప్పుడే ఫోను పెట్టేసి వచ్చాడు.

“పొద్దుట్నుంచి ఇది మూడోది. ముద్ర చూసి మనవరాలి కోసం కొన్నాడట. ‘మొదటి గుంటే దాటలేకపోతున్నాను, మీకేమైనా పిచ్చా’ అని తిట్టాడు పెద్దాయన. నేనేమనను? మా మామగారిదీ అదే కథ. ముప్పైసార్లు పడి, కప్పని తిట్టి, నన్ను తిట్టి, పడుకున్నాడు.”

“మా అత్తగారు పెట్టెను సోఫా మీదికి విసిరికొట్టింది,” అంది టీచరమ్మ. పదేళ్ళు పంతులమ్మగా చేసి మానేసి వచ్చింది. ఇప్పటికీ మాట్లాడుతూ వేలు ఆడిస్తుంది. “ఈ వయసులో నాకు ఈ పరీక్షలేమిటమ్మా అని.”

చిన్ని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “రెండోసారి దాటారని రాశారు కదండీ?”

“రాయక? దాటలేదంటే ఎందుకు దాటలేదో రాయాలి. మా అత్తగారికి వేళ్ళు వంగవని పత్రికలో వేస్తే ఇంక నేను ఆ ఇంట్లో ఉండగలనా?”

“మూడు రంగుల పెన్నులుంటే చాలండీ,” అన్నాడు సోడాబుడ్డి. మందపు అద్దాల వెనక ఆయన కళ్ళు నవ్వుతున్నాయి. “ఎడం చేత్తో రాస్తే అచ్చం మా అమ్మ రాతే. అసలు ఆ చుక్క మనకే దొరకదు. నేనైతే దాని మీద చిన్న టేపు ముక్క అంటించుకుని ఆడాను.”

“ఆరేళ్ళుగా అలాగేనా?”

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈలాయన కాస్త సిగ్గుపడ్డాడు. “నీకు చెప్పలేదు. నువ్వు నిజంగా ఆడిస్తావని తెలుసు. అందుకే నీ కాగితం చూసి మేమే నోరు తెరిచాం. నాలుగిళ్ళలోనూ నిజంగా దాటిన పెద్దమనిషి మీ అమ్మగారొక్కరే, మహానుభావురాలు అనుకున్నాం.”

చిన్ని డబ్బా మూత పెట్టలేదు. చెయ్యి కడిగిందో లేదో కూడా ఆమెకి గుర్తులేదు. దుకాణానికి నాలుగు వీధులు. మొదటి రెండూ నడిచింది, తర్వాత పరిగెత్తింది.

మాస్టరు బల్ల వెనక నిలబడి ఎవరిదో జాకెట్టుకి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆమెను చూసి సుద్ద కింద పెట్టాడు. “రామ్మా. మీ అమ్మగారు పొద్దున్నే వచ్చి చెప్పేశారు. నేను పొమ్మనలేదు, అది మాత్రం గుర్తుంచుకో. వేళ్ళకి పట్టు పోయిందని తనే అన్నారు. ఇన్నేళ్ళ పనిమంతురాలికి తన చేతి సంగతి తనకి తెలియదా? నేనేమని కాదంటాను?” ఆయన ముఖంలో బాధ ఉంది, దాని వెనకే, తను చెప్పాల్సిన మాట ఇంకొకరు చెప్పేసినందుకు ఊరట కూడా ఉంది. “రేపటినుంచి ఇంకొకరు వస్తారు.”

అమ్మ కిటికీ దగ్గర తన పీట మీదే ఉంది. ఒళ్ళో ఎవరిదో ప్యాంటు. “ఇవాళ ఇస్తానని ఒప్పుకున్నది ఇదొక్కటి ఉంది,” అంది తలెత్తకుండా. “అయ్యాక వచ్చేస్తాను. నువ్వు ఆఫీసు వదిలి వచ్చావేమిటే?”

చిన్ని ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఊపిరి అందుకుని, గబగబా, అన్నీ ఒకేసారి చెప్పింది. సోఫా మీదికి విసిరిన పెట్టె, మూడు రంగుల పెన్నులు, ఎడం చేతి రాత, చుక్క మీద టేపు ముక్క. “ఎవ్వరూ దాటలేదమ్మా. ఒక్కరు కూడా. వాళ్ళందరూ దొంగరాతలు రాశారు. నీ వేళ్ళకేం కాలేదు. లే, మాస్టరుతో చెబుదాం, నేను చెబుతాను.”

అమ్మ వింటూనే ఉంది. సూది ఆగలేదు. గుడ్డలో దిగి, ఒకే ఒక్క పోగును పట్టుకుని, పైకొచ్చి, మళ్ళీ దిగుతోంది.

“టీచరమ్మ కూడానా?”

“ఆవిడ కూడా.”

“డెబ్భై ఏళ్ళాయన?”

“ముప్పైసార్లు పడ్డాడటమ్మా. ఇందాకే చెప్పారు.”

అమ్మ నవ్వింది. జ్వరంలో పలవరించే పిల్లను చూసి నవ్వినట్టుంది ఆ నవ్వు. “నిన్నటి పత్రికలో నేను దాటానన్నావు. ఇవాళ ఎవరూ దాటలేదంటున్నావు. అదీ నా కోసమే, ఇదీ నా కోసమేగా.”

“ఇది నిజమమ్మా!”

“సరేలే. పరిగెత్తుకుంటూ వచ్చావు, నీళ్ళు తాగు.”

ఆమె చివరి కుట్టు వేసి, ముడి బిగించి, దారం కొరికింది. ప్యాంటు కాలి మడతను వెలుగులోకి పట్టి, ఒకసారి అటూ ఇటూ తిప్పి, అలవాటు కొద్దీ చిన్ని ముందుకి చాపింది. “తిన్నగా ఉందా?”

చిన్ని ఒక అంచు నుంచి రెండో అంచు దాకా చూసింది. స్కేలు పెట్టి గీసినట్టుంది. పైవైపు ఒక్క కుట్టు కూడా కనబడదు.

“తిన్నగా ఉందమ్మా.”

అమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత ఆ ప్యాంటును మెల్లగా తన వైపు లాక్కుని, పీట మీదినుంచి లేచి, మాస్టరు బల్ల దగ్గరికి నడిచింది.

“కాస్త మీరు చూసి చెప్పండి బాబూ,” అంది.